‘తగిన సమయంలో తెలియజేస్తాం’

ఆదివారాల్లో మేం కొంతమందిమి కలిసి, దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు భాష నేర్పే క్లాసు నడుపుతున్నాం. నేనూ ఒకప్పుడు అలాంటి క్లాసులో కూర్చునే ఈ భాష నేర్చుకున్నాను. ఆ రోజు పాఠం, జరగబోయే సంగతులు ఎలా చెప్పాలన్నది. తెలుగులో దీనికి పెద్ద కష్టం లేదు. “రోజూ వస్తాను” అన్నా, “రేపు వస్తాను” అన్నా అదే మాట. ఇక్కడి భాషలో రేపటికి వేరే క్రియారూపం ఉంది కాబట్టి విడిగా నేర్పాలి. కాగితాలు పంచి, “వచ్చే ఏడాది ఈ రోజుకి నేను...” అని మొదలయ్యే వాక్యాన్ని పూర్తి చెయ్యమన్నాను.

పద్నాలుగు మందిలో ఆరుగురు ఖాళీ కాగితం తిరిగి ఇచ్చారు. అందులో ఒకామె క్లాసులో అందరికంటే బాగా రాస్తుంది. తన దేశంలో పదహారేళ్లు నర్సుగా పనిచేసింది. ఆమె కాగితం కూడా ఖాళీగా ఉండటం చూసి, అర్థం కాలేదా అని అడిగాను. “అర్థమైంది టీచర్. ఏం రాయాలో తెలియలేదు. వచ్చే ఏడాది ఇక్కడ ఉంటానో లేదో నాకే తెలియదు కదా” అంది. ఆశ్రయం కోరుతూ ఆమె దరఖాస్తు పెట్టి అప్పటికి రెండేళ్ల నాలుగు నెలలు. ఈలోపు ఆమెకు నాలుగు ఉత్తరాలు వచ్చాయి. నాలుగూ నాకు చూపించింది. నాలుగింటి చివరా ఒకటే వాక్యం: మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది, తగిన సమయంలో తెలియజేస్తాం.

ఆ వాక్యం నాకు బాగా పరిచయం. నా పాత ఫైల్లోనూ ఉంది. నేను యుద్ధం నుంచి పారిపోయి రాలేదు, ఉద్యోగం కోసం వచ్చాను. నా కష్టాన్ని ఆమె కష్టం పక్కన పెట్టను. కానీ ఆ ఉత్తరం తీసుకున్న ప్రతిసారీ కవరు చింపకముందే గుండె ఎలా కొట్టుకుంటుందో, చదివాక చేతులు ఎలా చల్లబడతాయో నాకు తెలుసు. అందుకే వలసల గురించి ఎక్కడ చర్చ మొదలైనా నాకు ఒకటే విషయం గుర్తొస్తుంది. దేశాలు ఎంతమందిని రానివ్వాలి అన్నదాని మీద హోరాహోరీగా వాదించుకుంటాయి. వచ్చినవాళ్లను ఎంతకాలం ఏదీ తేల్చకుండా ఉంచుతున్నాం అన్నది ఎవరూ గట్టిగా అడగరు. నా అనుభవం, నేను చదివినదీ కలిపి చూస్తే, కొత్తవాళ్ల విషయంలో ఒక దేశం గెలిచిందా ఓడిందా అన్నది ఎక్కువగా ఈ రెండో ప్రశ్న దగ్గరే తేలుతోంది.

అంకెల సంగతి ముందు చెప్పేస్తాను. ఐక్యరాజ్య సమితి లెక్క ప్రకారం 2024లో తాము పుట్టిన దేశం కాకుండా వేరే దేశంలో బతుకుతున్నవాళ్లు సుమారు 30 కోట్ల 40 లక్షలు. ప్రపంచ జనాభాలో ఇది 3.7 శాతం. అంటే వందలో 96 మంది పుట్టిన దేశంలోనే ఉన్నారు. ప్రపంచమంతా పెట్టే బేడా సర్దుకుని కదిలిపోతోందన్న భయం లెక్కల ముందు నిలవదు. అయినా 30 కోట్లు చిన్న సంఖ్య కాదు. వాళ్లలో చదువుకి వచ్చినవాళ్లు, పనికి వచ్చినవాళ్లు, పెళ్లి చేసుకుని వచ్చినవాళ్లు, ప్రాణభయంతో వచ్చినవాళ్లు అందరూ ఉన్నారు. చట్టం వీళ్లను వేరువేరు గదుల్లో కూర్చోబెడుతుంది. ఎదురుచూపు మాత్రం అన్ని గదుల్లోనూ ఉంది.

ఎదురుచూపు మనిషిని ఏం చేస్తుందో కొలిచినవాళ్లు ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో ఆశ్రయం పొందినవాళ్ల వివరాలు తీసుకుని 2016లో ఒక అధ్యయనం వచ్చింది. నిర్ణయం ఒక ఏడాది ఆలస్యమైతే, తర్వాత వాళ్లు ఉద్యోగంలో ఉండే రేటు 4 నుంచి 5 శాతం పాయింట్లు, అంటే వందకి నలుగురైదుగురు చొప్పున, పడిపోతోందని తేలింది. వినడానికి చిన్నదిగా ఉన్నా, వాళ్లలో ఉద్యోగాలు దొరికినవాళ్లే తక్కువ కాబట్టి, ఆ సగటుతో పోలిస్తే ఇది ఆరో వంతు నుంచి దాదాపు నాలుగో వంతు దాకా తగ్గడం. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే వీళ్లంతా చివరికి ఉండటానికి అనుమతి దొరికినవాళ్లే. దేశం “సరే, ఉండండి” అంది. కాకపోతే ఆలస్యంగా అంది. ఆ ఆలస్యానికి ఇద్దరూ నష్టపోయారు.

రెండో అధ్యయనం జర్మనీది, 2018లో వచ్చింది. అక్కడ ఒకప్పుడు ఆశ్రయం కోరినవాళ్లకు పని చేసుకునే హక్కు రావాలంటే చాలా కాలం ఆగాల్సి వచ్చేది. 2000లో నిబంధన మారి ఆ గడువు 12 నెలలకు తగ్గింది. దాంతో 1999లో వచ్చినవాళ్లు, 2000లో వచ్చినవాళ్లు ఒకే ప్రాంతం నుంచి, అంటే పాత యుగోస్లావియా నుంచి, ఒకే రకం కారణాలతో వచ్చినా, ముందు వచ్చినవాళ్లు పని కోసం ఏడు నెలలు ఎక్కువ ఆగాల్సి వచ్చింది. అయిదేళ్ల తర్వాత చూస్తే, ఎక్కువ ఆగినవాళ్లలో ఉద్యోగస్తులు 20 శాతం పాయింట్లు తక్కువగా ఉన్నారు. ఆ తేడా పూడటానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఏడు నెలలు కట్టేస్తే పదేళ్లు కుంటారన్నమాట.

ఎందుకిలా అవుతుందని పరిశోధకులు రకరకాలుగా చెబుతారు. నేను క్లాసులో చూసింది చెబుతాను. మొదటి నెలల్లో వచ్చే మనిషి చెవులు రిక్కించి వింటాడు. బస్సులో విన్న మాట అడుగుతాడు, దుకాణం బోర్డు మీద చదివిన మాట అడుగుతాడు. ఆ ఊపు ఆరు నెలలు, మహా అయితే ఏడాది ఉంటుంది. ఆ తర్వాత క్లాసుకి రావడం తగ్గుతుంది. నిద్ర పట్టడం లేదంటాడు. పగలు పడుకుంటాడు. ఉండనిస్తారో లేదో తెలియని చోట భాష నేర్చుకుని ఏం లాభం అన్న ఆలోచన మెల్లగా లోపలికి దిగుతుంది. రెండేళ్లకు అనుమతి కాగితం చేతికొచ్చే సమయానికి, దాన్ని వాడుకోగలిగిన మనిషి అందులో సగమే మిగిలి ఉంటాడు. తర్వాత అదే మనిషిని చూపించి “వీళ్లు కలవరు, పని చెయ్యరు” అనేవాళ్లుంటారు. పని చేస్తే నేరం అని రెండేళ్లు చెప్పింది ఎవరు?

చరిత్రలోకి వెళితే, ఎదురుచూపు ఎవరికి ఎంత అన్నది ఎప్పుడూ అనుకోకుండా జరిగిపోయిన విషయం కాదని కనిపిస్తుంది. అమెరికా తూర్పు తీరాన న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ఐలాండ్ 1892లో తెరిచారు, 1954లో మూశారు. దాని మీదుగా సుమారు కోటీ 20 లక్షల మంది ఆ దేశంలోకి వెళ్లారు. కాగితాలు సరిగా ఉండి, ఒంట్లో జబ్బు లేకపోతే మూడు నుంచి అయిదు గంటల్లో తనిఖీ అయిపోయేది. వెనక్కి పంపినవాళ్లు రెండు శాతం మాత్రమే. పడమటి తీరాన శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ఐలాండ్ అని ఇంకో ద్వారం 1910 నుంచి 1940 దాకా నడిచింది. అక్కడికి ఎక్కువగా ఆసియావాళ్లు, ముఖ్యంగా చైనావాళ్లు వచ్చేవారు. 1882 నాటి చైనీయుల నిషేధ చట్టం అప్పటికి అమల్లో ఉంది, 1943 దాకా ఉంది. అక్కడ దిగినవాళ్లను వారాలు, నెలలు, కొందరినైతే రెండేళ్లకు దగ్గరగా చెక్క బ్యారక్‌లలో ఉంచేవారు. మీ ఇంటికి ఎన్ని మెట్లు, పక్కింట్లో ఎవరుంటారు అని గంటల తరబడి ప్రశ్నలు వేసి, బంధువులు చెప్పిన జవాబులతో సరిపోల్చేవారు. ఆ గోడల మీద వాళ్లు కత్తులతో చెక్కుకున్న చైనీస్ కవితలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకే దేశం, ఒకే కాలం. ఒక ద్వారం దగ్గర ఎదురుచూపు గంటల్లో, ఇంకో ద్వారం దగ్గర నెలల్లో.

ఆ చట్టాలు పోయాయి. కానీ ఎదురుచూపును దేశాన్ని బట్టి పంచే పద్ధతి వేరే రూపంలో ఇంకా ఉంది. మనవాళ్లకు ఇది బాగా తెలుసు. అమెరికాలో ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు, అంటే శాశ్వతంగా ఉండే అనుమతులు, ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ మొత్తంలో 7 శాతానికి మించకూడదన్నది పరిమితి. దేశం చిన్నదా పెద్దదా అన్నదానితో పని లేదు. ఫలితంగా భారతదేశంలో పుట్టినవాళ్ల క్యూ దశాబ్దాలకు సాగింది. క్యూ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా రాగానే, వంతు తేల్చే ప్రయారిటీ డేట్ ఎంత కదిలిందో చూసుకోవడం, కొన్నిసార్లు అది వెనక్కి పోవడం, ఆ టెన్షన్ పెట్టుకునే ఇల్లు కొనాలా వద్దా, ఉద్యోగం మారాలా వద్దా, నాన్నకు ఒంట్లో బాగాలేదంటే వెళ్లి, తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వీసా వేయించుకునే స్టాంపింగ్‌లో ఇరుక్కుపోతామా అని లెక్కలు వేసుకోవడం. అన్నిటికంటే నాకు మనసు మెలిపెట్టే విషయం పిల్లలది. రెండేళ్ల వయసులో తల్లిదండ్రుల చెయ్యి పట్టుకుని వచ్చిన బిడ్డకు 21 నిండితే, వాళ్ల వీసా మీద డిపెండెంట్‌గా ఉన్న హక్కు పోతుంది. తను పెరిగిన దేశంలో తనే మళ్లీ విదేశీ విద్యార్థిగా వీసా అడుక్కోవాలి. ఆ బిడ్డ తల్లిదండ్రులు పన్నులు కడుతూ, ఏ చట్టం తప్పకుండా, వరసలో నిలబడే ఉన్నారు. “అందరిలా లైన్లో రండి” అనే పెద్దమనుషులు ఈ లైను పొడవు ఒక్కసారి చూడాలి.

ఎదురుచూపులో ఇంకో రకం ఉంది. నిర్ణయం చెప్పకపోవడం కాదది, “నువ్వు తాత్కాలికం” అని ఏళ్ల తరబడి అంటూ ఉండటం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీకి ఫ్యాక్టరీలలో మనుషులు కావాల్సి వచ్చింది. 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో, మరికొన్ని దేశాలతోనూ ఒప్పందాలు చేసుకుంది. వచ్చినవాళ్లను అతిథి కార్మికులు అన్నారు. టర్కీ ఒప్పందంలో మొదట రెండేళ్ల గడువు పెట్టారు. రెండేళ్లయ్యాక వీళ్లు వెళ్లాలి, కొత్తవాళ్లు రావాలి. అది నడవలేదు, ఎందుకంటే పని నేర్పిన మనిషిని పంపేసి మళ్లీ కొత్తవాడికి మొదటి నుంచి నేర్పడం ఫ్యాక్టరీ యజమానులకే నచ్చలేదు. 1964లో ఆ గడువు తీసేశారు. 1973 నవంబరులో చమురు సంక్షోభం రావడంతో కొత్త నియామకాలు ఆపేశారు. అప్పటికి సుమారు కోటీ 40 లక్షల మంది వచ్చి, అందులో సుమారు కోటీ 10 లక్షల మంది తిరిగి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు అర్థమైంది, ఇప్పుడు వెళితే ఇక తిరిగి రానివ్వరని. వెళ్లలేదు. భార్యాపిల్లల్ని తెచ్చుకున్నారు. ఆపాలని పెట్టిన నిబంధనే వాళ్లను అక్కడ పాతుకునేలా చేసింది.

ఆ తర్వాత దశాబ్దాల పాటు జర్మనీ మాది వలస దేశం కాదని చెప్పుకుంటూ వచ్చింది. కాదనుకున్నప్పుడు భాష నేర్పాల్సిన పనేముంది? అక్కడే పుట్టిన పిల్లలకు కూడా పుట్టుకతో పౌరసత్వం దొరికే వీలు 2000లో గానీ రాలేదు, అదీ కొన్ని షరతులతో. ప్రభుత్వం తరపున ఒక పద్ధతిగా 600 గంటల భాషా బోధనతో ఇంటిగ్రేషన్ కోర్సులు మొదలైంది 2005లో. మొదటి ఇటలీ కార్మికుడు రైలు దిగిన 50 ఏళ్లకు. ఫ్యాక్టరీలో రెక్కలు ముక్కలు చేసుకుని రిటైరైన తర్వాత కూడా డాక్టరు దగ్గరికి వెళితే కొడుకో కూతురో పక్కనుండి మాట అందించాల్సిన తరం ఒకటి అలా మిగిలిపోయింది. వాళ్ల బద్ధకం అని దాన్ని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

గల్ఫ్ దేశాల కఫాలా పద్ధతి దీనికి ఇంకా కరుకు రూపం. అక్కడ కార్మికుడి ఉనికి యజమాని సంతకానికి కట్టి ఉంటుంది. 2020లో ఖతర్ యజమాని నిరభ్యంతర పత్రం లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది, చట్టం వరకు అది మంచి అడుగే. కానీ ముప్పై ఏళ్లు ఉన్నా శాశ్వతంగా ఉండే దారి మామూలు కార్మికుడికి లేదు.

అయితే వేగంగా తేల్చడం సాధ్యమేనా? పెద్ద సంఖ్యలో జనం ఒక్కసారి వచ్చి పడితే ఏ ఆఫీసు తట్టుకుంటుంది? ఈ మాట నాతో చాలామంది అన్నారు, మంచి మనసుతోనే అన్నారు. సాధ్యమేనని చూపించిన సందర్భాలు ఉన్నాయి.

1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ అక్కడి ఆసియా సంతతివాళ్లను 90 రోజుల్లో వెళ్లిపొమ్మన్నాడు. వాళ్లలో ఎక్కువమంది గుజరాతీలు, చాలామందికి బ్రిటిష్ పాస్‌పోర్టులు ఉన్నాయి. బ్రిటన్‌కు కొద్ది నెలల్లో సుమారు 28,000 మంది వచ్చారు. లెస్టర్ నగర కౌన్సిల్ అయితే ఉగాండా పత్రికలో ప్రకటన ఇచ్చి మరీ, మా ఊరికి రావద్దు, ఇళ్లు, బడులు నిండిపోయాయని చెప్పింది. అయినా ప్రభుత్వం ఒక పునరావాస బోర్డును పెట్టి, ఖాళీగా ఉన్న సైనిక శిబిరాల్లో దించి, అక్కడి నుంచి చాలామందిని నెలల్లోనే సొంత ఇళ్లకు, పనులకు పంపింది. వచ్చినవాళ్లు ఉండవచ్చా లేదా అన్న ప్రశ్న వేలాడలేదు. మొదటి రోజు నుంచీ వాళ్లకు పని చేసుకునే హక్కు ఉంది. వద్దన్న లెస్టర్‌కే వేలమంది వెళ్లారు, దుకాణాలు, వ్యాపారాలు పెట్టారు, మూతపడుతున్న వీధుల్ని నిలబెట్టారు. అదే నగరం ఇప్పుడు ఆ చరిత్రను గర్వంగా చెప్పుకుంటోంది.

అదే బ్రిటన్‌లో 2023 జూన్ నాటికి ఆశ్రయం కోరి మొదటి నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు సుమారు 1,75,000 మంది. ఏడాది దాటితే గానీ పనికి అనుమతి అడిగే వీలే లేదు, దొరికినా కొన్ని రకాల ఉద్యోగాలకే. వాళ్లను హోటళ్లలో ఉంచడానికి ఆ ఏడాది రోజుకి 80 లక్షల పౌండ్ల దాకా ఖర్చయింది. ఆ హోటళ్ల ముందు నిరసనలు చేసేవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. తమ ఊళ్లో డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకని మనిషికి, పక్క హోటల్లో పని లేకుండా కూర్చున్న కొత్తవాళ్లు కనిపిస్తారు. కూర్చోబెట్టిన నిబంధన కనిపించదు.

2022 సంగతి ఇంకా తాజాగా ఉంది. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పూర్తి స్థాయి దాడి మొదలుపెట్టింది. మార్చి 4న యూరోపియన్ యూనియన్ తన తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని అమల్లోకి తెచ్చింది. ఆ చట్టం 2001 నుంచీ పుస్తకాల్లో ఉంది, అంతవరకు ఒక్కసారీ వాడలేదు. దానితో 40 లక్షలకు పైగా ఉక్రెయిన్‌వాళ్లకు ఒక్కొక్కరి ఇంటర్వ్యూ లేకుండానే ఉండే హక్కు, పని చేసే హక్కు, పిల్లలకు బడి దొరికాయి. ఎక్కడా ఏ వ్యవస్థా కూలిపోలేదు. అదే రోజుల్లో అవే దేశాల్లో సిరియా, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు పాత క్యూల్లోనే ఉన్నారు. నా క్లాసులో రెండు రకాలవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఒకరిపై ఒకరికి అసూయ లేదు, అది చూసి నేనే ఆశ్చర్యపోయాను. కానీ ఒక అఫ్గాన్ కుర్రాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది: “అంటే, కావాలనుకుంటే ఎనిమిది రోజుల్లో చెయ్యగలరా టీచర్?”

డబ్బున్న దేశాలకే ఇవన్నీ చెల్లుతాయనుకోవద్దు. వెనిజువెలా కుప్పకూలినప్పుడు అందరికంటే ఎక్కువమంది వెళ్లింది పక్కనున్న కొలంబియాకు. దశాబ్దాల అంతర్యుద్ధంతో అలిసిపోయిన దేశం అది. 2021లో అక్కడున్న సుమారు 17 లక్షల వెనిజువెలావాళ్లలో సగానికి పైగా కాగితాలు లేనివాళ్లు. వాళ్లు పని చేసుకోవడానికి, వైద్యం చేయించుకోవడానికి, పిల్లల్ని చదివించుకోవడానికి పదేళ్ల హోదా ఇస్తామని అధ్యక్షుడు ఇవాన్ దూకే ప్రకటించాడు. ఆయన వామపక్షం వాడు కాదు, సంప్రదాయవాద పార్టీ మనిషి. ఎలాగూ ఇక్కడే ఉన్నారు, పేరూ ఊరూ రాసుకుని వెలుతురులోకి తెస్తే పన్నులు వస్తాయి, ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది అన్నది ఆ ఆలోచన. నేను దీన్ని దయ కంటే ఎక్కువగా మంచి పరిపాలన అంటాను.

కెనడా 1979-80లో వియత్నాం, లావోస్, కంబోడియాల నుంచి 60,000 మందిని తీసుకుంది. సగం కంటే ఎక్కువమందిని మామూలు పౌరులే అయిదుగురు, పదిమంది కలిసి, ఏడాది పాటు ఖర్చులు మేమే చూసుకుంటామని సంతకం పెట్టి రప్పించారు. వాళ్లకు అద్దె ఇల్లు వెతికిపెట్టినవాళ్లు, పిల్లల్ని బడిలో చేర్చినవాళ్లు, పని చూపించినవాళ్లు ఆ పౌరులే. ప్రభుత్వ ఆఫీసు ఎంత బాగా పనిచేసినా ఈ పని చెయ్యలేదు.

ఇక్కడ నా వాదనకు ఎదురు తిరిగే సంగతి కూడా చెప్పాలి. కెనడాలోనే 2023లో జనాభా ఒక్క ఏడాదిలో 3 శాతం పైగా, 12 లక్షలకు మించి పెరిగింది. ఆ పెరుగుదల దాదాపు అంతా బయటి నుంచి వచ్చినవాళ్ల వల్లే. శాశ్వతంగా వచ్చేవాళ్లకు ఏటా లక్ష్యం ఉంది, విద్యార్థులు, తాత్కాలిక పనివాళ్లకు మాత్రం లేదు. వాళ్లకు లక్ష్యాలు పెట్టి ప్రణాళికలో చేర్చడం 2025 ప్రణాళికతోనే మొదలైంది. ఇళ్లు అంత వేగంగా కట్టలేరు. అద్దెలు పెరిగాయి, జనాభిప్రాయం తిరగబడింది. 2024లో విద్యార్థి పర్మిట్లకు పరిమితి పెట్టారు, 2025కి 5,00,000 అనుకున్న శాశ్వత నివాసాల లక్ష్యాన్ని 3,95,000కు కోశారు. అంటే సంఖ్య కూడా ముఖ్యమే. ఇళ్లు, బడులు, ఆసుపత్రులు ఎంతమందికి సరిపోతాయో చూసుకోకుండా తలుపులు బార్లా తెరిస్తే, ముందు దెబ్బ తినేది అద్దె ఇంట్లో ఉండే స్థానికుడు, కొత్తగా వచ్చినవాడు, ఇద్దరూ. ఇందులో నాకు సందేహం లేదు. నా బాధ ఇంకోటి. ఆ విద్యార్థులు దొంగతనంగా రాలేదు. రమ్మని పిలిస్తే, స్థానికుల కంటే ఎన్నో రెట్లు ఫీజు కట్టి వచ్చారు. చదువయ్యాక ఉండవచ్చన్న ఆశ చూపించి, మధ్యలో నియమాలు మార్చడం కూడా మనుషుల్ని వేలాడదీయడమే.

వేగం అంటే అందరికీ అవునని చెప్పడం అని కొందరు అనుకుంటారు. నేను కాదనే మాట కూడా వేగంగా చెప్పమంటున్నాను. ఆరు నెలల్లో, లాయరు సాయంతో, అప్పీలుకు అవకాశమిచ్చి, కాదని చెబితే ఆ మనిషి కుప్పకూలిపోవచ్చు, కానీ ఇంకా దారులు వెతుక్కోగలడు. ఆరేళ్ల తర్వాత చెబితే? అప్పటికి పిల్లలు ఇక్కడి భాషలోనే కలలు కంటుంటారు. వాళ్లను పంపడం క్రూరత్వం, పంపకపోతే చట్టానికి విలువ లేదంటారు. జర్మనీలో ఇలా తిరస్కరించినా పంపలేని మనుషులకు ‘డుల్డుంగ్’ అనే కాగితం ఇస్తారు. ఉండటానికి అనుమతి కాదది, ఓర్చుకుంటున్నాం అని చెప్పడం. కొన్ని నెలలకోసారి దాన్ని మళ్లీ పొడిగించుకోవాలి. అలా గొలుసుకట్టుగా ఏళ్లు గడిపినవాళ్లు ఎందరో. చివరికి ప్రభుత్వమే 2022 అక్టోబరు 31 నాటికి అయిదేళ్లుగా ఆ కాగితం మీద ఉన్నవాళ్లకు మామూలు నివాస హక్కు తెచ్చుకునే అవకాశం ఇస్తూ చట్టం చేసింది. అయిదేళ్లు పోయాక.

ఆశ్రయం కోరినవాళ్లకు త్వరగా పనికి అనుమతిస్తే ఇంకా ఎక్కువమంది వస్తారన్నది ఇంకో భయం. నేను చదివినంతలో దీనికి గట్టి ఆధారం కనిపించలేదు, నా క్లాసులో అడిగినప్పుడూ అంతే. ఎవరికైనా బంధువులు ఉన్నారనో, భాష కాస్త వచ్చనో, దారి ఇటే తెరిచి ఉందనో వచ్చారు. పని నిబంధన ఏమిటో తెలుసుకుని బయల్దేరిన మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు.

శరణార్థుల హక్కుల గురించి 1951లో ప్రపంచ దేశాలు రాసుకున్న ఒప్పందం గొప్పది. ప్రాణానికి ముప్పున్న చోటికి మనిషిని తిరిగి పంపకూడదని అందులో ఉంది. పని, చదువు, కోర్టుకు వెళ్లే హక్కు గురించి ఉంది. కానీ దరఖాస్తును ఎన్నాళ్లలో తేల్చాలో అందులో ఎక్కడా లేదు. యూరప్ తర్వాత ఆరు నెలలని రాసుకుంది, అందులోనే పొడిగించుకునే సందులూ పెట్టుకుంది. నేను కోరుకునేది చాలా చిన్నది. దరఖాస్తు తీసుకున్న రోజు ఇచ్చే రసీదు మీద ఒక తేదీ ఉండాలి. ఆ తేదీ లోపల నిర్ణయం చెప్పలేకపోతే ఆ తప్పు దరఖాస్తుదారు నెత్తిన పడకూడదు, మర్నాటి నుంచి పూర్తి స్థాయి పని హక్కు దానంతటదే రావాలి. భాష క్లాసు మొదటి వారంలోనే మొదలవ్వాలి, పిల్లల్ని చూసుకునేవాళ్లు ఆ క్లాసు పక్క గదిలోనే ఉండాలి. ఈ చివరి మాట ఎందుకంటున్నానంటే, 2015లో జర్మనీకి వచ్చిన శరణార్థుల్లో 2022 నాటికి మగవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది పనిలో ఉన్నారు, ఆడవాళ్లలో మూడో వంతే. ఆదివారం మా క్లాసుకు బిడ్డను ఎత్తుకుని వచ్చి, వాడు ఏడవగానే సిగ్గుపడుతూ లేచి వెళ్లిపోయే తల్లుల్ని చూస్తే ఆ తేడా ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. దీనికి పెద్ద పథకాలు అక్కర్లేదు, ఒక గది, ఇద్దరు మనుషులు చాలు.

సర్టిఫికెట్ల గుర్తింపు కూడా ఎదురుచూపులో భాగమే. వంతెనలు కట్టిన ఇంజినీరు గోదాములో పెట్టెలు మోస్తుంటాడు. ఏ పనైనా గౌరవమైనదే, అందులో చిన్నతనం లేదు. కానీ ఆ దేశంలోనే ఇంజినీర్లు దొరకడం లేదని పత్రికలు రాస్తుంటే, తన డిగ్రీని ఎవరు పరిశీలిస్తారో తెలియక అతను ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాడు.

మా క్లాసు నర్సుకు మూడేళ్ల ఒక నెలకు నిర్ణయం వచ్చింది. అనుమతి ఇచ్చారు. కవరు తనే చింపి, చదివి, సరిగ్గానే చదివానా అని నా చేతికిచ్చింది. రెండుసార్లు బిగ్గరగా చదివాను. క్లాసంతా లేచి నిలబడింది. ఆ మర్నాడే ఆమె ఆసుపత్రుల్లో పనికి దరఖాస్తులు మొదలుపెట్టింది. నర్సుగా లైసెన్సు కోసం భాషా పరీక్ష పాసైన సర్టిఫికెట్ కావాలన్నారు. ఆమె దగ్గర ఉంది. వచ్చిన ఆరో నెలలోనే, ఆ మొదటి ఊపులో, చదివి మంచి మార్కులతో పాసైంది. దాని గడువు రెండేళ్లే. అయిపోయింది. గత కొన్నేళ్లలో వృత్తిలో ఉన్నట్టు రుజువు కూడా అడుగుతున్నారు. ఆ ఏళ్లలో ఆమెకు పని చేసే అనుమతి లేదు.

ఇప్పుడు ఒక వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా చేరింది. పగలు డ్యూటీ, రాత్రి చదువు. పరీక్ష మార్చిలో ఉంది. ఆదివారాలు క్లాసుకు గంట ముందే వచ్చి, పాత ప్రశ్నపత్రాలు నా ముందు పెట్టుకుని కూర్చుంటోంది.